బిజిలీ మీద కంబళి

నవంబరు 9, శనివారం

ఈరోజు చలి లేదు.

ఈ మాట ఎక్కడో ఒకచోట తేదీ వేసి రాసి పెట్టుకోవాలనిపించి ఈ డైరీ తీశాను. పురుగుమందుల కంపెనీవాళ్ళు ఇచ్చినది, నిరుటిది. వారాలు కుదరవు కాబట్టి కొట్టేసి నేనే రాసుకుంటున్నాను. రేపు పెద్దమనుషుల ముందు తగువు వస్తే చూపించడానికి ఉంటుంది. దాణా డబ్బాలో దాస్తున్నాను. మా ఆవిడ నాగజ్యోతి ఇంట్లో పొట్లం కట్టిన కాగితాన్ని కూడా వదలకుండా చదివే మనిషి, కానీ గుర్రం దాణా డబ్బా మాత్రం ముట్టదు.

భాగపత్రం మళ్ళీ ఒకసారి చదివాను. నాయన మంచంలో పడుకుని చెబుతుంటే రాతగాడు రాసినది. మాట పోకుండా ఇక్కడ ఎక్కిస్తున్నాను:

"బిజిలీ అను పేరుగల ఆడగుర్రము ముక్కలుగా పంచుకొనుటకు వీలుకాని ఆస్తి గనుక, ఎండకాలము పెద్దకుమారుడు సుబ్బయ్య వద్దను, వానకాలము నడిపి కుమారుడు రాజశేఖర్ వద్దను, చలికాలము చిన్నకుమారుడు భూపేష్ వద్దను ఉండవలెను. గుర్రముపై కంబళి కప్పిన దినము చలికాలము మొదలైనట్లును, తీసిన దినము ముగిసినట్లును ఎంచవలెను."

నాయన ఏటా ఒక రోజు పొద్దున్నే లేచి, ఎవరినీ అడక్కుండా, తన కంబళి దాని మీద వేసేవాడు. ఆ రోజు నుంచి మా ఊళ్ళో చలికాలం. ఒక ఏడు దీపావళికే వేశాడు, ఒక ఏడు డిసెంబరు సగం దాటాక వేశాడు. ఎందుకని అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది. మార్చిలో ఆయన పోయాడు. అందుకని ఇది మా ముగ్గురికీ మొదటి చలికాలం. అంటే, వస్తే.

పెద్దన్న ఆత్మకూరులో ఉంటాడు. ఎండకాలాన్ని ఆగస్టు పద్నాలుగు దాకా లాగాడు. జూన్‌లో చినుకులు పడ్డాయి కదన్నా అంటే, అవి వాన కాదు, మబ్బుకు పట్టిన చెమట అన్నాడు. రాయలసీమలో వానకాలాన్ని ఒకడి భాగానికి రాయడమంటే ఎండిన బావిలో వాటా ఇచ్చినట్టే. అయినా నేను నోరెత్తలేదు. నడిపివాణ్ణి. పెద్దవాడి చొక్కా నాకు వచ్చేది, నా దగ్గర నుంచి చిన్నవాడికి పోయేది. నాది అని ఒక చొక్కా గుర్తులేదు.

ఇప్పుడు బిజిలీ నా దగ్గర ఉంది. కంబళి కప్పవలసింది నేను. కప్పిన రోజే భూపేష్ కడప నుంచి లారీ తెస్తాడు. దానికి ఇరవై నాలుగేళ్ళు. గుర్రాల్లో అది పండుటాకు వయసు. మళ్ళీ నా వానకాలం వచ్చేదాకా ఉంటుందో లేదో.

కాబట్టి చలి లేదు.

నవంబరు 10

లేదు.

నవంబరు 12

పశువుల డాక్టరమ్మ హర్షిణి వచ్చి బిజిలీని చూసింది. చిన్నపిల్ల, కొత్తగా ఉద్యోగంలో చేరింది. కొట్టంలోకి వచ్చి గుర్రాన్ని చూసి, నన్ను చూసి, మళ్ళీ గుర్రాన్ని చూసింది.

"ఏం సార్, దీన్ని ఎవురు గొరిగింది?"

"మొక్కు, మేడమ్."

"ఎవురి మొక్కు?"

"నాదే."

"మీ మొక్కుకు దాన్ని గొరిగిస్తారా?"

నెత్తి మీది తువ్వాలు తీసి చూపించాను. ఆ పిల్ల పాపం ఇంకేమీ అడగలేదు.

జరిగింది ఇదీ. అక్టోబరులో బిజిలీకి కడుపునొప్పి వచ్చి కింద పడి పొర్లింది. తల్లీ గంగమ్మా, ఇది లేచి నిలబడితే తలనీలాలు ఇచ్చుకుంటానని మొక్కుకున్నాను. నాకు పదేళ్ళ నుంచి బట్టతల. గాభరాలో ఆ సంగతి గుర్తు రాలేదు. అది లేచింది. పూజారి నా నెత్తి చూసి, ఇందులో ఇవ్వడానికి ఏముందప్పా, అమ్మవారిని ఎగతాళి చేస్తాండావా అన్నాడు. ఎవరి కోసం మొక్కుకున్నామో వాళ్ళవి ఇచ్చినా చెల్లుతుందని దారి కూడా ఆయనే చూపించాడు.

మంగలి కంబన్న కరెంటు మిషను తెచ్చాడు. "తల అంటే యాడిదాంక, శేఖరప్పా? చెవులదాంకనా, మెడదాంకనా?" అని అడిగాడు. నాకేం తెలుసు! గుర్రానికి తల ఎక్కడ ఆగుతుందో గుర్రానికి కూడా తెలియదు. మెడదాకా గొరిగి దూరం జరిగి చూస్తే, వేరే గుర్రం తలకాయ తెచ్చి అతికించినట్టు ఉంది. "సగం మొక్కు అమ్మవారు ఒప్పుకోదప్పా" అని తోకదాకా వెళ్ళిపోయాడు.

డాక్టరమ్మ చెప్పి పోయిన మాట: "వెంట్రుకలుంటే ఈ సీమ చలి దానికి లెక్కలోకే రాదు సార్. ఇప్పుడు అవి లేవు, వయసు కూడా అయింది. తెల్లారుజామున పదహారు డిగ్రీలకు దిగితే కప్పండి. గాలీ వానా ఉంటే ఇంకా ముందే కప్పండి."

పదహారు. సరే. లెక్క అంటూ ఒకటి దొరికింది.

నవంబరు 14

కమలాపురం వెళ్ళి గోడకు తగిలించే థర్మామీటరు తెచ్చాను. పొద్దున కొట్టంలో చూస్తే పదిహేడు. అక్కడ గాలి ఎక్కువ, సరైన లెక్క రాదు. వంటింటి వెనక గోడకు తగిలించాను, ఇరవై రెండు. ఆ గోడకు ఎండ సరిగా పడదు. ఉలవలు ఉడికించే పొయ్యి పక్కన తగిలించాను. ముప్పై ఒకటి.

ముప్పై ఒకటి! ఎండకాలమే ఇంకా పూర్తిగా పోయినట్టు లేదు.

నాగజ్యోతి పొయ్యిలోకి కట్టె తోస్తూ అంది: "ఏమప్పా, ఆ గాజుకడ్డీకి చలి పెడ్తాందని ఈడ తగిలించినావా? గుర్రాన్ని గూడా తెచ్చి పొయ్యికాడనే కట్టేయ్."

నవంబరు 17

భూపేష్ ఫోన్ చేశాడు. ప్లాట్ల వ్యాపారం చేసేవాడికి ఆదివారం పూట ఇంత తీరిక ఎక్కడిదో.

"అన్నా, ఫోన్లో కమలాపురానికి పదహారు చూపిస్తాంది."

"అది కమలాపురానికి. మన ఊరికి కాదు."

"మన ఊరికీ కమలాపురానికీ ఏడు మైళ్ళే గదన్నా."

"ఏడు మైళ్ళలో శానా మారిపోతాది భూపేషూ. నేల గుణం."

వాడు "వదినకు ఇయ్యి" అన్నాడు. ఇచ్చాను. ఇవ్వకూడదు. "వదినా, అన్న స్వెట్టరు ఏసినాడా?" అని అడిగాడట. ఈ మహాతల్లి, "స్వెట్టరు ఏసి, పైన శాలువా గూడా కప్పినాడు, చెవులకు టోపీ ఉండాది" అని ఉన్నదున్నట్టు అప్పజెప్పింది. ఇరవై ఆరేళ్ళ కాపురంలో నా మాట ఒక్కటి కూడా ఇంత శ్రద్ధగా వినలేదు.

టోపీ దుమ్ముకు. ఆ సంగతి చెప్పలేదు.

నవంబరు 18

ఈరోజు ఆరు గంటలకే వీడియో కాల్ చేశాడు. ముందే ఊహించాను. ఒట్టి బనీనుతో కూర్చుని, వెనక ఫ్యాను తిప్పి ఎత్తాను. చక్కగా మాట్లాడాను. పన్ను పన్నుకు తగలకుండా మాట్లాడడం కొంచెం కష్టం.

వాడు అటు కోటు వేసుకుని ఉన్నాడు. కడపలో చలట. ఉంటే ఉండనీ, వాళ్ళ ఊరు వాళ్ళిష్టం.

నవంబరు 19

జలుబు. ఫ్యాను వల్ల, చలి వల్ల కాదు.

నవంబరు 24, ఆదివారం

పెద్దన్న ఆత్మకూరు నుంచి బస్సు దిగాడు. భూపేష్ కారులో వచ్చాడు. కొట్టం ముందర మూడు కుర్చీలు వేశాను. మధ్యలో బిజిలీ నిలబడింది, నున్నగా, తన పంచాయితీకి తానే పెద్దమనిషిలాగా.

నేను ఆగస్టు పద్నాలుగు తీర్పు ఎత్తాను. "వాన కళ్ళకు అగుపడేదాంక వానకాలం రాలేదని నువ్వే అన్నావు గదన్నా. ఆ లెక్కన చలి కూడా అగుపడాల గదా."

"చలి అగుపడేదేంది అన్నా? తగిలేది గదా" అన్నాడు భూపేష్.

"ఎవురికి తగలాల? నాకు తగల్లేదు."

"నీకు కాదు, గుర్రానికి."

"అది చెప్పలేదు."

పెద్దన్న పంచె సర్దుకుని, గొంతు పెంచి చెప్పాడు: "మీ ఇద్దరి తగువు నాకొద్దు. చలి ఎప్పుడన్నా రానీ. పోయేది మాత్రం శివరాత్రికి. శివశివా అని పోతాదని పెద్దలు ఊరకే అన్ల్యా. ఆ మరునాడు పొద్దునకు గుర్రం ఆత్మకూర్లో ఉండాల."

చూశారా! పోవడానికి తేదీ ఉంది, రావడానికి లేదు. అంటే నేను ఎంత ఆలస్యం చేస్తే భూపేష్ భాగం అంత తగ్గుతుంది, పెద్దన్నకు వచ్చే నష్టం ఏమీ లేదు. భూపేష్ ముఖం చిన్నబోయింది. నాకు సంతోషం వేయాలి. కొంచెం వేసింది.

పోతూ పోతూ వాడు బిజిలీ మెడ మీద చెయ్యి వేసి, "అన్నా, ఇది చల్లగా ఉండాది" అన్నాడు.

"ఇప్పుడే నీళ్ళు పోసి కడిగినా" అన్నాను. పోయలేదు.

నవంబరు 28

నాలుగు గోనెసంచులు విప్పి, దబ్బనంతో ఒకటిగా కుట్టి, దాని మీద వేశాను. భాగపత్రంలో ఉన్నది కంబళి. గోనె గురించి ఒక్క ముక్క లేదు.

"గోనెకూ కంబళికీ తేడా నీకు తెలుసు, నీ తమ్మునికి తెలుసు. గుర్రానికి యాడ తెలుసు?" అంది నాగజ్యోతి. అయినా చివరి మూల తనే కుట్టింది.

సరిగ్గా అప్పుడే వీడియో కాల్.

"దాని మీద ఏందన్నా అది?"

"గోనెసంచులు."

"కప్పినావా?"

"కప్పల్యా. ఆరబెట్టినా."

"గుర్రం మీదనా?"

"యాడ ఎండ తగిలితే ఆడ."

నవంబరు 30

గోనె ఒరుసుకుని బిజిలీ భుజాల మీద దద్దులు లేచాయి. వెంట్రుకలు లేని తోలు కదా. తీసేశాను. కొబ్బరినూనె రాశాను. అది నా వైపు తల తిప్పి కూడా చూడలేదు. చూస్తే బాగుండేది.

డిసెంబరు 1

వాన!

వాయుగుండం అంట. తెల్లవారుజాము నుంచి ఆపకుండా పడుతోంది. చీనీ తోటలో నీళ్ళు నిలబడ్డాయి, పాపాఘ్ని ఏట్లో నీళ్ళు పారుతున్నాయని చూడడానికి ఊరంతా పోయింది. నేను భూపేష్‌కు ఫోన్ చేసి, ఫోనును వానలోకి చాపి వినిపించాను. వానకాలం రా ఇది, నాది, అన్నాను. ఇంత గట్టిగా ఒక మాట నేను ఎప్పుడూ అనలేదు. నవ్వొచ్చింది కూడా.

డిసెంబరు 2

వాన. వానకాలం. బిజిలీ సగమే తింది.

కొట్టం వెనక తడక ఎగిరిపోయింది. పట్ట కట్టాను, అది కూడా ఎగిరిపోయింది. పెద్ద బల్బు ఒకటి వేలాడదీశాను. బెల్లమూ మిరియాలూ కలిపి పెట్టాను. నా స్వెట్టరు చేతులు దాని ముందు కాళ్ళకు తొడిగాను. స్వెట్టరు కూడా కంబళి కాదు.

భుజాల దగ్గర తోలు అదురుతోంది. ఈగలను తోలుకుంటోందని నాగజ్యోతికి చెప్పాను. వానలో ఈగలు యాడివప్పా అని అడిగి, లోపలికి వెళ్ళిపోయింది. కోపంగా కూడా అడగలేదు.

డిసెంబరు 3

తినలేదు.

డిసెంబరు 4

కప్పాను.

తెల్లవారుజామున పోయి చూస్తే గోడకు ఆనుకుని నిలబడి ఉంది. గుర్రం అట్లా ఆనుకోదు. వణుకు కాళ్ళ దాకా దిగింది. పళ్ళు కొరుకుతోంది. నేను దాని కడుపు చుట్టూ చేతులు వేసి పట్టుకుని, నా ఒంటి వేడి చాలుతుందేమోనని చూశాను. అంత పెద్ద కడుపుకు నా రెండు చేతులు ఏం చాలుతాయి! వెనక్కి తిరిగితే వాకిట్లో నాగజ్యోతి నిలబడి ఉంది. చేతిలో నాయన కంబళి. ట్రంకుపెట్టెలో నుంచి ఎప్పుడు తీసిందో. తను కప్పలేదు. నా చేతికి ఇచ్చి, "నీ భాగం గదా, నువ్వే కప్పు" అని పక్కకు జరిగింది.

కప్పాను. ఇరవై ఏళ్ళు వాడిన కంబళి, గుచ్చుకునే గుణం ఎప్పుడో పోయింది. మెడ దగ్గర ముడి వేశాను. తొమ్మిది గంటలకు వణుకు ఆగింది. పది గంటలకు రెండు పరకలు అందుకుంది. నేను అక్కడే గడ్డి మీద కూర్చుని ఏడ్చాను. సిగ్గేమీ లేదు, చూసేవాళ్ళు ఎవరూ లేరు.

ఒక ముసలి ప్రాణిని నా మొక్కుకు నున్నగా గొరిగించి, నెల రోజులు చలిలో నిలబెట్టి, చలి లేదని పుస్తకంలో రాసుకున్నాను. తేదీలు కూడా వేశాను.

భూపేష్‌కు ఫోన్ చేసి, కప్పినాను రా, అన్నాను.

డిసెంబరు 6

వాన ఆగింది. బిజిలీ బాగా తింటోంది. డాక్టరమ్మ వచ్చి చూసి, ప్రయాణం చేయొచ్చు, కంబళి మాత్రం తీయొద్దు అని చెప్పింది.

భూపేష్ లారీ తెచ్చాడు. లారీ నిండా గడ్డి పరిచి తెచ్చాడు, చుట్టూ పట్ట కట్టించాడు. నేను కట్టించేదానికన్నా బాగానే ఉంది. కొట్టంలోకి వచ్చి బిజిలీని చూశాడు. తరువాత నన్ను చూశాడు. నా ముఖంలో ఏం కనిపించిందో ఏమో, దగ్గరికి పోయి కంబళి ముడి విప్పడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తాండావు రా?"

"చలి యాడుండాదన్నా? నువ్వు తొందరపడినావు. ఇంగా పది దినాలు ఉండనీ." ఆ మాట అంటున్నప్పుడు వాడి నోట్లో నుంచి పొగ వస్తోంది.

ఈ మాట కోసమే కదా నెల నుంచి నేను కొట్లాడింది! నోరు మూసుకుంటే బిజిలీ నాదే. కంబళి అప్పటికే సగం జారింది. దాని భుజం మీద తోలు మళ్ళీ అదిరింది.

"కప్పు రా. చలిగా ఉండాది" అన్నాను. "దీపావళి పోయినప్పటి నుంచి ఉండాది."

వాడు కప్పాడు. ముడి నేను వేశాను. లారీ ఎక్కేటప్పుడు అది మొండికేయలేదు. కొంచెం మొండికేసి ఉంటే బాగుండేదని నాకనిపించిన మాట నిజం.

డిసెంబరు 7

కొట్టం శుభ్రం చేశాను.

డిసెంబరు 8

మళ్ళీ శుభ్రం చేశాను.

డిసెంబరు 20

థర్మామీటరు కొట్టంలో అసలు చోటనే తగిలించాను. పద్నాలుగు. ఇప్పుడు ఎంత సరిగ్గా చూపిస్తుందో.

జనవరి 19

భూపేష్ ఫోన్. తింటాంది, నిద్రపోతాంది, తోలు మీద వెంట్రుకలు లేస్తాన్నాయి అన్నాడు. సంతోషం అన్నాను. ఒక సంగతి అడగాలనుకున్నాను. అడగలేదు. వాడూ ఏదో చెప్పబోయి మానుకున్నాడు.

ఫిబ్రవరి 26, శివరాత్రి

పెద్దన్న ఆత్మకూరు నుంచి పొద్దున్నే ఫోన్. "రేపు లారీ పంపిస్తాండా, వానికి చెప్పు." చెప్పాను.

"ఇంగా చలి పోల్యాదన్నా" అన్నాడు భూపేష్.

ఇక్కడ నేను ఫ్యాను కింద పడుకుని రాస్తున్నాను. ఈసారి ఫ్యాను నిజంగానే అవసరం.

మార్చి 5

పెద్దన్న లారీ కడప పోయి ఖాళీగా తిరిగి వచ్చింది. కంబళి తీయలేదట. తీయకపోతే ముగియనట్టే, భాగపత్రంలో రాసుంది గదా అన్నాడట. ఆ వాక్యం నాకూ తెలుసు. ఎంత మంచి వాక్యమో కూడా తెలుసు.

మార్చి 13

ముప్పై తొమ్మిది డిగ్రీలు. చీనీ కాయలు చెట్టు మీదనే వాడుతున్నాయి. పెద్దన్న ఫోన్లో మండిపడ్డాడు: "నిన్న వానితో మాట్లాడినా. పళ్ళు టకటకలాడిస్తాండాడు, చలి అంట! నువ్వు పోయి చూడు శేఖరా. ఈ రోగం నీకు వచ్చిపోయింది, నీకైతే తెలుస్తాది."

మర్యాదగా చెప్పలేదు కానీ, తప్పు చెప్పలేదు.

మార్చి 14

మధ్యాహ్నం కడపలో దిగాను. బస్టాండు నుంచి ఆటోలో కూర్చుంటే సీటు కాలింది. భూపేష్ ఇంటి వెనక ఖాళీ ప్లాటులో కొత్త కొట్టం. గోడలు కట్టి, షట్టరు బిగించి ఉంది. లోపల నుంచి ఏదో గుయ్యిమని మోత. షట్టరు తట్టాను. సగం లేచింది. చల్లటి గాలి నా కాళ్ళకు కొట్టింది.

వంగి లోపలికి పోయాను. గోడకు ఏసీ. ఒకటి కాదు, రెండు. పదహారు అని ఎర్రటి అంకె వెలుగుతోంది. మధ్యలో బిజిలీ, నాయన కంబళి కప్పుకుని, తీరిగ్గా గడ్డి నములుతోంది. పక్కన కుర్చీలో మా తమ్ముడు స్వెట్టరు, మంకీ టోపీ వేసుకుని కూర్చున్నాడు.

"ఏంది రా ఇది?"

"చలి, అన్నా" అన్నాడు. ముక్కు కారుతోంది. "ఈ సందులో గాలి శానా తగుల్తాది."

నవ్వాలో తిట్టాలో తెలియలేదు. కంబళి కిందికి చెయ్యి పోనిచ్చాను. వెంట్రుకలు వచ్చేశాయి. ఒత్తుగా, మెత్తగా, కంబన్న మిషను ఎరుగనట్టు. దీనికి కంబళి అవసరం లేదు. ఎప్పటి నుంచో లేదు.

"తియ్యి రా, భూపేషూ."

"తీస్తే పాయె గదన్నా."

"పోతాది. ఎండకాలం అన్నది."

"నీకేం, నీకు నాలుగు నెలలు ఉన్నింది" అని, టోపీ తీసి ముఖం తుడుచుకున్నాడు. కాసేపటికి, తల ఎత్తకుండా, చిన్నప్పుడు తప్పు చేసి చెప్పినట్టు చెప్పాడు: "పొద్దున్నే ఆరు గంటలకు వచ్చి దీని ముందర నిలబడ్తానన్నా. నాయన గొంతు సవరించుకునేవాడు సూడు, మనల్ని తిట్టే ముందర? అచ్చం అట్లనే అంటాది. ఊహుమ్మని, రెండు తూర్లు. ఇంగ తిడ్తాడని నిలబడ్తా. తిట్టదు."

ఆగస్టు పద్నాలుగు నుంచి డిసెంబరు ఆరు దాకా ప్రతి పొద్దునా ఆరు గంటలకు నేనూ దాని ముందర అట్లాగే చేతులు కట్టుకుని నిలబడ్డాను. నాకొక్కడికే వినిపిస్తుందనుకున్నాను. పిచ్చి పట్టిందంటారని ఈ పుస్తకంలో కూడా రాయలేదు. గుర్రం గొంతు సవరించుకుంటుంది, నేను వంచిన తల వంచినట్టే ఉంచి కాచుకుంటాను, తిట్టు రాదు. రోజూ ఆ ఒక్క తిట్టు కోసం పోయేవాణ్ణి. నాయన బతికున్నప్పుడు ఆ తిట్టు తప్పించుకోవడానికే చెన్నూరు దాకా చుట్టూ తిరిగి ఇంటికి పోయేవాణ్ణి.

"నాకు గూడా అన్నింది రా" అన్నాను.

వాడు నా వైపు చూశాడు. తరువాత లేచి ఏసీలు రెండూ ఆపి, షట్టరు పూర్తిగా ఎత్తాడు. ఎండ లోపలికి వచ్చింది. మెడ దగ్గర ముడి నేను విప్పాను.

నాయన కంబళి శానా పెద్దది, ఒక్కడి వల్ల మడవడం కాదు. వాడు రెండు కొసలు పట్టుకున్నాడు, నేను రెండు కొసలు పట్టుకున్నాను. మొదటి మడతకు ఒకరికొకరం నడిచి వచ్చాం. కొసలు అందించుకుని, కింద వేలాడే అంచు పట్టుకుని వెనక్కి పోయి, మళ్ళీ నడిచి వచ్చాం. మడత మడతకూ దూరం తగ్గింది. చివరికి కంబళి ఇద్దరి చేతుల మధ్య ఒక దిండంత అయింది. ఇద్దరిలో ఎవరమూ వదల్లేదు. వాడు స్వెట్టరులో చెమటలు కారుతూ ఏడుస్తున్నాడు. నేను స్వెట్టరు లేకుండానే ఏడుస్తున్నాను.

పెద్దన్నకు నేనే ఫోన్ చేశాను. స్పీకరు పెట్టాను.

"తీసేసినామన్నా. లారీ పంపించు."

మమ్మల్ని ఇద్దరినీ కలిపి ఒక చివాటు పెడతాడనుకున్నాను. పెట్టలేదు.

"శేఖరా" అన్నాడు పెద్దన్న. గొంతు బాగా తగ్గించాడు, పక్కన వదిన ఉన్నట్టుంది. "పొద్దున పూట... అది ఇంగా గొంతు సవరించుకుంటాందా?"